కృపావరం: ఇది ఏ రకం వరం?

కడప నుంచి, తెలుగు అయ్యవారు

మొన్న ఎనిమిదో తరగతిలో హాజరు పిలుస్తున్నాను. 'కృపావరం' అనే పేరు దగ్గరికి రాగానే వెనక బెంచీ వాడొకడు లేచి, "సార్, తపస్సు చేస్తేనే కదా వరం ఇచ్చేది! వీడేం తపస్సు చేసినాడు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ పేరున్న పిల్లోడు కూడా నవ్వాడు. "కృప అంటే దయ, కూర్చో" అని పాఠంలోకి వెళ్లిపోయాను గానీ, ఇంటికొచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. హిరణ్యకశిపుడైనా, రావణుడైనా ఒంటికాలి మీద నిలబడి వరం సంపాదించుకున్నవాళ్లే. మరి వరానికి ముందు కృప చేర్చితే అర్థం ఏం మారుతుంది? మతం మీద వాదన పెట్టొద్దు, మాట గురించి చెప్పండి.

జమ్మలమడుగు నుంచి

సార్, ఆ పేరు బైబిల్లో పౌలు రోమీయులకు రాసిన ఉత్తరంలోది. దాన్నే రోమీయుల పత్రిక అంటాం, ఆరో అధ్యాయం 23వ వచనం (6:23). మా ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా కంఠతా వస్తుంది: "పాపమువలన వచ్చు జీతము మరణము, అయితే దేవుని కృపావరము..." మీవాడి ప్రశ్నకు జవాబు ఈ వచనం మొదటి సగంలోనే ఉంది. జీతం అనే మాట చూడండి.

ఇప్పుడు జీతం అంటే ఒకటో తారీఖున ఫోన్‌కు వచ్చే మెసేజ్. మా జేజినాయన ఒక పెద్ద రైతు దగ్గర జీతానికి ఉండేవాడు. ఉగాదికి మాట కుదిరితే మళ్లీ ఉగాది దాకా ఎద్దులు, మడక, కావలి అన్నీ ఆయన మీదే. ఇన్ని జొన్నలు, ఒక పంచె, కాస్త డబ్బు ఇస్తారు. జొన్నలు కొలిచేటప్పుడు ఆయన దండం పెట్టేవాడు కాదంట. కొలత సరిగ్గా పడుతోందా లేదా అని సేరు వైపే చూస్తూ నిలబడేవాడంట. "మనం చేసిందానికి వాళ్లు ఇచ్చేది, దాంట్లో దయ ఏముంది?" అనేవాడని మా జేజి చెప్పేది.

పౌలు కూడా అదే పత్రిక 4:4 లో "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు" అంటాడు. ఇక ఆరో అధ్యాయంలో పాపం యజమాని, మనిషి దాని దాసుడు. ఆ యజమాని బాకీ పెట్టడు, కొలిచి మరీ చేతిలో పోస్తాడు. ఆ వరసలోనే పోతే రెండో సగంలో 'దేవుడిచ్చే జీతం' అనాలి. అక్కడ మాట మారిపోయింది.

అనంతపురం నుంచి

అన్న చెప్పింది సరే. గ్రీకు మూలంలో ఇక్కడి జీతం 'ఒప్సోనియా', అంటే సైనికుల బత్తెం. లూకా సువార్త 3:14 లో బాప్తిస్మమిచ్చే యోహాను సైనికులతో మీ జీతాలతో తృప్తిపడండి అన్నచోట కూడా ఇదే మాట. 4:4 లో ఉన్నది వేరే మాట, 'మిస్తోస్'. తెలుగులో రెండూ జీతాలే అయ్యాయి. కృపావరం 'ఖారిస్మా'. అది కృప అనే అర్థమున్న 'ఖారిస్' నుంచి పుట్టింది. ఉత్త వరం అంటే మనకు తపస్సు గుర్తొస్తుందని కృపను ముందు పెట్టారేమో, ఇది నా ఊహ. ఎందుకంటే ఎఫెసీయులకు 2:8 లో ఉత్త 'దేవుని వరమే' అనే ఉంది. అక్కడ పక్కనే 'మీవలన కలిగినది కాదు' అని చెప్పేశారు కాబట్టి ఇబ్బంది రాలేదు.

కడప అయ్యవారు

దయావరం అనొచ్చు కదా?

అనంతపురం నుంచి

దయ మరీ వాడుకలో నలిగిపోయింది సార్. 'దయచేసి చెప్పులు బయట విడవండి' అంటాం. కృప అట్లా కాదు. బైబిల్ మొదటి భాగమైన పాత నిబంధనలో 'హెసెద్' అనే హీబ్రూ మాటకు కూడా కృపే వాడారు. 136వ కీర్తనలో 26 వచనాలు ఉంటే ప్రతిదాంట్లోనూ 'ఆయన కృప నిరంతరముండును' అని వస్తుంది. ఇచ్చిన మాట మీద నిలబడే ప్రేమ అని హెసెద్‌కు అర్థం. బాగున్నారా అంటే 'దేవుని కృప' అనే జవాబు మీరూ వినే ఉంటారు.

ఆదోని నుంచి

నాకొక డౌటు. మా ఊళ్లో దేవర (అమ్మవారి జాతర) చేస్తే పొట్టేలును ఇచ్చేది మనం, తీసుకునేది అమ్మవారు. సిలువను కూడా బలి అంటారు కదా, అక్కడ ఇచ్చేదెవరు?

జమ్మలమడుగు నుంచి

మా నమ్మకంలో ఇచ్చేది దేవుడే అప్పా, అక్కడే తిరగబడింది. మార్కు సువార్త 10:45 లో యేసు తన ప్రాణాన్ని 'విమోచన క్రయధనము'గా ఇవ్వడానికి వచ్చాడని ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసులో క్రయ దస్తావేజు అంటామే, ఆ క్రయమే. గ్రీకులో 'లుత్రోన్', బానిసనో ఖైదీనో విడిపించడానికి కట్టే సొమ్ము. పుచ్చుకునేవాడు పైసా ఇవ్వలేదు గానీ, ఇచ్చినాయనకు ప్రాణం ఖర్చయింది. ఆ సొమ్ము ఎవరికి కట్టారని మాత్రం అడగొద్దు, దాని మీద పండితులు వందల ఏళ్లు కొట్టుకున్నారు.

నంద్యాల నుంచి

రోమీయులకు 3:24 లో 'ఉచితముగా' అని ఉంది. సంస్కృతంలో ఉచితం అంటే తగినది. తగనివాడికి ఇచ్చేదాన్ని పట్టుకుని ఉచితం అన్నారు, తమాషాగా లేదూ!

కడప అయ్యవారు

ఉచితానుచితాల పాఠం ఇంకో రోజు చెప్తాను. రేపు ముందు జీతగాడి కథ చెప్పాలి. ఇప్పుడే హాజరు పట్టీ తీసి చూశాను. వాడి పేరు 'క్రుపావరం' అని రాసి ఉంది, రాసింది నేనే. కింద వట్రసుడి పెట్టి దిద్దాను.