తాతల పల్టన్ల చరిత్ర ఎక్కడ వెతకాలి?

జగిత్యాల_మనవడు:
మా ముత్తాత రెండో ప్రపంచ యుద్ధంలో నిజాం పల్టన్‌తో మలయా (ఇప్పటి మలేషియా) వెళ్లి తిరిగి రాలేదు. ‘హైదరాబాద్ రెజిమెంట్’ అని కొడితే స్లిమ్ రివర్ యుద్ధం, 1942 జనవరి 7 అని వస్తోంది. అక్కడే పోయారా? పల్టన్లు రోజూ రాసుకున్న వార్ డైరీలు ఎక్కడుంటాయి? మీ ఊళ్లలో ఇలాంటి కథలు ఎవరైనా విన్నారా?

మెహదీపట్నం_పాషా:
అందరూ ఇక్కడే బోల్తా పడతారు. స్లిమ్ రివర్ దగ్గర జపాన్ ట్యాంకుల దెబ్బ తిన్నది 4/19 హైదరాబాద్, అంటే 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్. అది బ్రిటిష్ ఇండియా సైన్యం, జవాన్లు ఎక్కువగా ఉత్తరాది వాళ్లు. 1945లో కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సొంత ఫౌజు 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ. వీళ్లది మలయాలోని కోట భారు ఎయిర్‌ఫీల్డ్ కాపలా. 1941 డిసెంబర్ 8న జపాన్ వాళ్లు దిగగానే చెల్లాచెదురయ్యారు. ఆపబోయిన సీఓ (కమాండింగ్ ఆఫీసర్) హెండ్రిక్స్‌ని సొంత జవాన్లే కాల్చేశారు.

హవల్దార్_రిటైర్డ్:
బాబూ, నేను మద్రాస్ రెజిమెంట్‌లో చేసొచ్చినవాణ్ని. పల్టన్ అంటే ఏంటో పుస్తకాలు చదివినవాళ్లు నాకు చెప్పక్కర్లేదు. సీఓ మీద తుపాకీ ఎత్తడం మాటలా? ఓడిపోతే తెల్లదొరలు నెపం మనోళ్ల మీదికి తోసేస్తారు, అంతే.

మెహదీపట్నం_పాషా:
సర్వీస్ చేస్తే చరిత్ర దానంతటదే వచ్చేస్తుందా సార్? 1940లో సింగపూర్‌లో జహీరుద్దీన్ అనే అఫ్సర్‌ని ఇండియాకి పంపించేస్తుంటే 4/19 జవాన్లు ఎదురు తిరిగారు. అదీ అబద్ధమేనా?

సైదులు_సిద్దిపేట:
మా నాన్న మేనమామ కోట భారులో ఉన్నాడు. ‘చెల్లాచెదురయ్యారు’ అని ఎంత తేలిగ్గా రాశావు భయ్యా! శత్రువు కంచె దాకా వచ్చేశాడని పుకారు లేస్తే ముందు మూటాముల్లె సర్దింది వైమానిక దళం వాళ్లు. వాళ్లని ఒక్కడూ పిరికోళ్లు అనడు. నోరు అదుపులో పెట్టుకో.

గూడెం_చంటి:
మీ కోట భారు మీరు తేల్చుకోండి. మాది మిలిటరీ మాధవరం, ఇంటికో ఫౌజీ ఉంటాడు. మా తాతగారి అన్నయ్య బర్మాలో పోయారు. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సైట్‌లో పట్టేశా! రంగూన్ మెమోరియల్ మీద దాదాపు 27 వేల పేర్లలో ఆయనదీ ఉంది. పేరు కొడితే రాలేదు. గుమాస్తా పేరు సగానికి కోసి, ఇంటిపేరు మింగేశాడు. కింది వివరాల్లో తండ్రి పేరు, ఊరు ఉన్నాయి, వాటితోనే దొరికింది. మలయాలో పోయినవాళ్లవి సింగపూర్ క్రాంజీ మెమోరియల్ మీద చూడు తమ్ముడూ.

తార్నాక_రీడర్:
డైరీలు అడిగినవాడికి ఎవరూ జవాబు చెప్పలేదు. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్, డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 172 సిరీస్. మలయావి చాలా సింగపూర్ లొంగుబాటప్పుడే పోయాయి. నిజాం కాలం ఫైళ్లు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, ఉర్దూలో. గొలుసుకట్టు రాత అయినా సరే, ఫొటో పెడితే చదివి పెడతా. డబ్బులు తీసుకుని వెతికిపెడతామనే ఏజెంట్లని మాత్రం నమ్మొద్దు. ఒకాయన నాకు వికీపీడియా ప్రింటవుట్ అంటగట్టాడు.

జగిత్యాల_మనవడు:
థ్యాంక్స్ అండీ. ఇంట్లో ఆయన మెడల్ ఉంది. అంచు మీద ఏవో అక్షరాలు, కనపడట్లేదు. చింతపండుతో తోమొచ్చా?

మెహదీపట్నం_పాషా:
అయ్యో, ముట్టుకోకు! అంచు మీది సర్వీస్ నంబరు చెరిగిపోతే ఇంక ఏ ఆర్కైవ్సూ కాపాడలేదు. టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా కొట్టి ఫొటో తియ్యి.

హవల్దార్_రిటైర్డ్:
చంటీ, మీ మాధవరంలో మా బ్యాచ్ వాడొకడు సుబేదార్‌గా దిగాడు. కనుక్కుంటావా?

గూడెం_చంటి:
ఇంటిపేరు చెప్పండి బాబాయ్. మా ఊళ్లో సుబేదార్లంటే వీధికి పదిమంది.