పట్టా ఆమె పేరు మీద, నిర్ణయం ఎవరిది?

దేవరకొండ తమ్ముడు:
వ్యవసాయ ఇండ్లల్లో ఆడవాళ్లకు నిర్ణయాధికారం లేదని మా ఊర్లో కొందరు వాదిస్తున్నారు. నేను ఒప్పుకోను. పత్తి అమ్మిన పైసలు మా అమ్మ చేతికే వస్తాయి. గింజలు ఎన్ని దాచాలి, బర్రెను ఉంచాలా అమ్మాలా, చెల్లె పెండ్లికి ఎంత పెట్టాలి, అన్నీ ఆమె చెప్పినట్టే జరుగుతాయి. బయటికి కనిపించనంత మాత్రాన పెత్తనం లేదంటారా? మీ ఊర్లల్లో ఎట్లుందో చెప్పండి.

మర్రిగూడ కోడలు:
తమ్ముడూ, మీ అమ్మ సంగతి నిజమే కావచ్చు. కానీ నువ్వు చెప్పినవన్నీ పంట ఇంటికొచ్చాక చేసేవి. అంతకుముందు సంగతి చూడు. ఈసారి పత్తి పెట్టాలా, కంది పెట్టాలా? బోరు వేయాలా, వద్దా? విత్తనం, మందులు ఏ దుకాణంలో ఉద్దెర తేవాలి, మిత్తి ఎంత? వీటిలో ఎన్ని తనను అడిగి చేశారో మీ అమ్మనే అడుగు. ఇల్లు మునిగినా తేలినా వీటితోనే.

మా దిక్కు బోర్ల సంగతి అందరికీ తెలుసు. ఒకటి ఫెయిలైతే ఇంకొకటి, అదీ ఫెయిలైతే మరొకటి. "ఇక చాలు" అని ముందుగా అనేది ఇంటామెనే. ఆ మాట వినరు గానీ ఆమె పేరు మీద సంఘంలో లోన్ తెప్పిస్తారు. కైకిలికి పోయి నెలనెలా కిస్తీ కట్టేది ఆమె. కట్టలేకపోతే మీటింగ్‌లో పదిమంది ముందు మాట పడేదీ ఆమెనే. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతుల ఇండ్లల్లో చాలాచోట్ల, ఆయన ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో భార్యకు తెలిసేది అప్పులోళ్లు ఇంటికొచ్చినప్పుడే.

కల్వకుర్తి రైతు:
అక్కా, పాలమూరు సంగతి వేరు. మగవాళ్లు బొంబాయి, పూణే వలస పోతే ఇక్కడ సేద్యం నడిపింది ఆడవాళ్లే. ట్రాక్టర్ మాట్లాడటం, కూలీలను పిలవడం, పల్లికాయ మార్కెట్‌కు తోలడం, అన్నీ చూసుకున్నారు. ఇంకో మాట. అప్పు తెచ్చేది ఇంటి కోసమే కదా. ఆ టెన్షన్ భార్యకు ఎందుకని మగవాడు తనలోనే దాచుకుంటాడు. ప్రతిదానికీ అతన్నే దోషిని చేయొద్దు.

గద్వాల అక్క:
దాచుకోవడం వల్లనే కదా అన్నా ఇండ్లు ఆగమైంది. మా దగ్గర విత్తన పత్తి, అంటే కంపెనీలకు విత్తనం ఇచ్చే పత్తి వేస్తారు. సాయంత్రం మొగ్గల్లో కేసరాలు తీసేసి, తెల్లారి మగపువ్వు తెచ్చి అద్దేది ఎక్కువగా ఆడవాళ్లే. చదువుకోవాల్సిన ఆడపిల్లలు కూడా ఆ పనికి పోయారు. ఈ క్రాసింగ్ లేకపోతే విత్తనమే లేదు. మాట్లాడుకునేది మాత్రం ఆర్గనైజర్ (కంపెనీకీ రైతుకూ నడుమ ఉండేటాయన), ఇంటాయన. అడ్వాన్స్ కూడా ఆయన చేతికే. విత్తనం టెస్టులో పోయిందని పైసలు ఆపితే, ఎవరిని అడగాలో కూడా ఆమెకు తెలియదు.

దేవరకొండ తమ్ముడు:
సరే, పని ఎక్కువ, మాట తక్కువ అంటారు. కానీ ఇప్పుడు ఆడవాళ్ల పేరు మీద కూడా పట్టాలు ఉన్నాయి కదా. 2018లో మన తెలంగాణలో రైతుబంధు వచ్చినప్పటి నుంచి పెట్టుబడి సాయం పట్టాదారుకే అందుతోంది. ఇది మార్పు కాదా?

మర్రిగూడ కోడలు:
మార్పే. కానీ ఖాతా ఆమెది, ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉన్న ఇండ్లు ఎన్ని లేవు? 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం తండ్రి ఉమ్మడి ఆస్తిలో బిడ్డకు కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా పసుపు కుంకుమ ఇచ్చాం కదా అని అన్నదమ్ములు సంతకం పెట్టించుకుంటారు. పెట్టకపోతే పుట్టింటికి రాకపోకలు బంద్.

పట్టా లేనామెకు ఇంకా అన్యాయం. రైతుబీమా 5 లక్షలు 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారుకే. పొద్దంతా చేనులో ఉండే మనిషి పాము కరిచి చనిపోయినా, ఆమె పేరు మీద గుంట భూమి లేకపోతే ఆ బీమా రాదు.

మహిళా సంఘాలు వడ్లు కొనే ఐకేపీ సెంటర్లలో తేమ చూసి, కాంటా పెట్టించి, లారీల లెక్క రాసేది సంఘం ఆడవాళ్లే. ఊరి వడ్ల లెక్క చూసేవాళ్లకు ఇంటి అప్పు లెక్క చెప్పడానికి ఏం అడ్డం? రైతు వేదికలో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) మీటింగ్ పెడితే ఆడవాళ్లను కూడా పిలవాలి. అందరూ కలుపుకు పోయిన టైంలో పెడితే ఎవరొస్తారు?

కల్వకుర్తి రైతు:
బీమా సంగతి మీరు చెప్పింది సరైనదే అక్కా. మా ఇంట్లో భూమి అంతా నా పేరు మీదే ఉంది. ఎకరం ఆమె పేరు మీద చేయాలంటే ఏం చేయాలి?

గద్వాల అక్క:
గిఫ్ట్ డీడ్ (దానపత్రం) చేయొచ్చు అన్నా. సాగు భూమి రిజిస్ట్రేషన్ తహశీల్దార్ ఆఫీసులోనే అవుతుంది, ముందు స్లాట్ బుక్ చేసుకోండి. కొత్త పాసుబుక్ రాగానే ఆధార్ తీసుకుని ఆమెనే ఏఈవో దగ్గరికి తీసుకెళ్లి బీమాకు పేరు రాయించండి. నామినీ ఎవరో ఆమెనే చెప్పనివ్వండి.