ఏడీహెచ్, ఆల్డోస్టిరాన్ హార్మోన్లు: రెండూ ఒంట్లో నీటిని ఆపేవే అయితే తేడా ఎక్కడ?

నర్సింగ్ ఎంట్రన్స్‌కి చదువుతున్నాను. గుండె, ఊపిరితిత్తులు పర్వాలేదు, కిడ్నీ దగ్గరే టెన్షన్. రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోత అయితే మూత్రంగా బయటికి వచ్చేది ఒకటి, రెండు లీటర్లే (మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను). ఆ 180 లీటర్లలో మూడింట రెండొంతుల నీరు ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లోనే (కిడ్నీలోని సన్నని గొట్టంలో మొదటి భాగం) తిరిగి రక్తంలోకి వెళ్లిపోతుంది కదా. మరి చివర్లో ఉండే కలెక్టింగ్ డక్ట్ (మూత్రం పోగయ్యే గొట్టం) మీద పనిచేసే ఏడీహెచ్ అంత తేడా ఎలా తెస్తుంది? ఆల్డోస్టిరాన్ సోడియంను ఆపితే నీరు దాని వెంటే వస్తుందంటారు. అలాంటప్పుడు రక్తంలో సోడియం గాఢత మీద రెండింటి ప్రభావం ఒకటేనా? డీహైడ్రేషన్‌లో రెండూ పెరుగుతాయా? ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే ఇస్తారు, అదీ బాధ. బట్టీ చిట్కాలు వద్దండి, కారణం వివరిస్తే చాలు.