రెటినాల్ నేరుగా చర్మం మీదా, మాయిశ్చరైజర్ మీదా?

పసుపుకొమ్ము:
పొడి చర్మం వాళ్లు ముందు మాయిశ్చరైజర్, దాని మీద రెటినాల్ (మచ్చలకీ ముడతలకీ రాసే విటమిన్ ఎ రకం మందు), పైన మళ్లీ మాయిశ్చరైజర్ రాయాలంటున్నారు. అలా రెండు పొరల మధ్య పెడితే మందు లోపలికి దిగుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు:
దిగుతుంది గానీ తక్కువ. రెటినాల్ చర్మంలోకి వెళ్లాక ముందు రెటినాల్డిహైడ్‌గా, తర్వాత రెటినోయిక్ ఆమ్లంగా మారితేనే పని చేస్తుంది. అసలే 0.1 శాతం సీరమ్, దాన్ని రెండు చిక్కటి పొరల మధ్య ఇరికిస్తే ఇక మిగిలేదెంత? మంట భయముంటే వారానికి రెండు రాత్రులే రాయండి. ముఖం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నేరుగా రాయండి. తడి ముఖం మీద రాస్తే మందు ఎక్కువ దిగి మండుతుంది.

నల్లరేగడి:
ఒప్పుకోను. మన ఛాయకి మంట అంటే కాసేపు ఎర్రబడి పోయేది కాదు. ఎర్రబడ్డ చోట గోధుమరంగు మచ్చ పడుతుంది, అది పోవడానికి నెలలు పడుతుంది. మచ్చలు తగ్గాలని మొదలుపెట్టినవాళ్లకి కొత్త మచ్చలు తెచ్చిపెడతామా? మొదటి నెల పొర వేసే రాయాలి.
ఇంకోటి, ఎక్కువమందికి తేడా వచ్చేది కొలత దగ్గరే. ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత చాలు. నుదుటి మీద, రెండు బుగ్గల మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి పరచండి. అంతకుముందే ముక్కు రెక్కల పక్క మడతల్లో, పెదాల మూలల్లో వాజలీన్ పూయండి. మందు ఆ మడతల్లోనే పేరుకుంటుంది, పొట్టు ముందు లేచేదీ అక్కడే.

గోదారిగట్టు:
మచ్చల సంగతి నిజమేనండీ. కానీ జిడ్డు చర్మం, మొటిమలు ఉన్నవాళ్లకి ఇదే లెక్క పెట్టకండి. చిక్కటి క్రీములు వాళ్లకి పడవు. మొటిమలకైతే రెటినాల్ కంటే దాని కోవకే చెందిన అడాపలీన్ 0.1 శాతం జెల్ నమ్మదగింది. మొటిమలకే రాసే ఇంకో మందు బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలినా అది చెడదు, మామూలు ట్రెటినోయిన్ (అంటే రెటినోయిక్ ఆమ్లమే) జెల్ చెడుతుంది. మొదటి వారాల్లో మొటిమలు పెరగొచ్చు. మూడు నెలలు చూడకుండా పనిచేయలేదనకండి.

తెల్లచీటీ:
మధ్యలో వస్తున్నా, ఇది చెప్పకపోతే తప్పు. మందుల షాపులో మచ్చల క్రీమ్ అడిగితే ఇచ్చే ట్యూబు మీద ఏముందో చదవండి. హైడ్రోక్వినోన్ (మచ్చల రంగు తగ్గించేది) 2 శాతం, ట్రెటినోయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే, ఆ మొమెటాసోనే స్టెరాయిడ్. స్టెరాయిడ్ మంటను అణిచేస్తుంది కాబట్టి మొదట్లో ముఖం తేటగా కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, మానేయగానే ముఖం భగ్గుమంటుంది. డాక్టరు రాసివ్వకుండా ముట్టుకోవద్దు.

పసుపుకొమ్ము:
థ్రెడింగ్ చేయించుకోవచ్చా మరి?

నల్లరేగడి:
వారం ముందే రెటినాల్ ఆపండి. లేకపోతే పై పెదవి మీద వెంట్రుకతో పాటు తోలూ లేస్తుంది. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు అసలు వాడకూడదు. పగలు ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా తీసి ముఖానికీ మెడకీ రాయాలి. అది రాయలేకపోతే రెటినాల్ మొదలుపెట్టకండి.

గోదారిగట్టు:
సరే, పొడి చర్మానికి కింద ఒక్క పొర ఒప్పుకుంటాను, అదీ పలచగా. పైన వద్దు. నాలుగు వారాలు మంట లేకపోతే ఆ కింద పొరా తీసేయండి.

నల్లరేగడి:
రాత్రంతా ఏసీలో పడుకునేవాళ్లకి పైన పొర ఉండాల్సిందే. కావాలంటే రెటినాల్ రాసిన అరగంట తర్వాత వేసుకోమనండి.