పిల్లలతో కలిసి బాగు చేసుకోవడానికి ఏ పాత మజిల్ కారు కొనాలి?

ఫ్రిస్కో నాన్న (టెక్సస్)
అందరికీ నమస్కారం. పాపకి 14, బాబుకి 10. ఒక పాత అమెరికన్ మజిల్ కారు (పెద్ద ఇంజిన్ పెట్టిన పాతకాలపు స్పోర్టు కారు) కొని ఇంట్లోనే నలుగురం కలిసి బాగు చేసుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాం. గ్యారేజీలో సగం ఖాళీ చేశాం. కారుకి, సామానుకి కలిపి పాతిక వేల డాలర్ల దాకా పెట్టగలం, అదీ మెల్లమెల్లగా. ఆయిలు, బ్రేక్ ప్యాడ్లు మార్చడం నాకు వచ్చు కానీ ఇంజిన్ ఎప్పుడూ విప్పలేదు. 1965-66 ఫోర్డ్ మస్టాంగ్, 1967-69 షెవర్లే కమారో, షెవర్లే షెవెల్, డాడ్జ్ డార్ట్ మనసులో ఉన్నాయి. పాపకి 16 వచ్చాక తనే నడపాలని కోరిక. మా ఆవిడ షరతు ఒకటే: నలుగురం అందులో కూర్చుని హనుమాన్ గుడికి వెళ్లి రావాలి. చేసి చూసినవాళ్లు చెప్పండి.

ఎడిసన్ బాబాయ్ (న్యూజెర్సీ)
బాబూ, మస్టాంగే తీసుకో. అందులోనూ కూపే, అంటే రెండు తలుపులు, మామూలు పైకప్పు ఉన్నది. ఫాస్ట్‌బ్యాక్ జోలికి వెళ్లకు, ఆ వాలు పైకప్పు కోసమే బోలెడు డబ్బు అదనంగా పోతుంది.

నేను మస్టాంగ్ అనడానికి కారణం సామాను. 1965, 66 మోడళ్లు రెండూ కలిపి 11 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకని ఈ రోజుకీ ఫ్లోర్ రేకుల దగ్గర్నుంచి డోర్లు, వైరింగ్, సీటు గుడ్డ, డాష్‌బోర్డు బల్బు దాకా అన్నీ కొత్తవి తయారుచేసి అమ్ముతున్నారు. పిల్లలతో చేసే పనికి ఇది ప్రాణం. ఒక్క భాగం కోసం ఆరు నెలలు ఎదురుచూస్తే పిల్లల ఉత్సాహం చల్లారిపోతుంది, మళ్లీ వాళ్లని గ్యారేజీలోకి రప్పించడం కష్టం.

కారు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిన్ మోతకి పడిపోవద్దు. ఇంజిన్ ఎవరైనా బాగు చేస్తారు. తుప్పు ఇల్లు గుల్ల చేస్తుంది. ఈ కార్లలో ముందు అద్దం కింద గాలి లోపలికి పోయే జాలీ ఉంటుంది, దాన్ని కౌల్ అంటారు. అక్కడ ఆకులు, నీళ్లు చేరి లోపల్నుంచి తినేస్తుంది. అమ్మేవాడి అనుమతితో ఆ జాలీలో ఒక బక్కెట్ నీళ్లు పోసి, టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కిందకి చూడు. కాళ్లు పెట్టుకునే చోట చుక్క పడినా కౌల్ పోయినట్టే. దాన్ని మార్చాలంటే ముందు భాగమంతా విప్పి, వెల్డింగులు డ్రిల్లు చేసి తీయాలి. ఇంట్లో నేర్చుకుంటూ చేసే పని కాదది. ఆ తర్వాత కారు కింద దూరి అడుగున పొడవుగా ఉండే ఫ్రేమ్ రెయిల్స్, వాటిని ముందు కాళ్లు పెట్టుకునే చోటు కింద పక్క అంచుకి కలిపే టార్క్ బాక్సులు, వెనక స్ప్రింగు పట్టీలు తగిలించిన చోట్లు చూడు.

ఛాసిస్ నంబరు చదవడం పాపకి నేర్పించు. మొదటి అంకె సంవత్సరం. రెండోది ఫ్యాక్టరీ: ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే శాన్ హోసే, టి అంటే మెటచెన్. ఆ మెటచెన్ ప్లాంటు మా ఎడిసన్‌లోనే రూట్ 1 మీద ఉండేది, 2004లో మూసేశారు. మన తెలుగువాళ్లు రోజూ కూరగాయలకి తిరిగే దారి అది. తర్వాతి రెండంకెలు బాడీ: 07 కూపే, 08 కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేది), 09 ఫాస్ట్‌బ్యాక్. ఐదో అక్షరం ఇంజిన్: టి అయితే 200 క్యూబిక్ అంగుళాల సిక్స్ (ఆరు సిలిండర్లది), సి అయితే 289 వీ8 (ఎనిమిది సిలిండర్లది), పెట్రోలు, గాలి కలిపే కార్బురేటర్‌కి రెండు బ్యారెళ్లు, అంటే రెండు గాలి దారులు ఉన్నది, ఎ అయితే నాలుగు బ్యారెల్‌ది, కె అయితే 271 హార్స్‌పవర్‌ది, అది మన బడ్జెట్లోది కాదు. నంబరులో టి ఉండి లోపల వీ8 కనిపిస్తే చక్రాలకి ఎన్ని నట్లున్నాయో లెక్కపెట్టు. సిక్స్‌కి 4, వీ8కి 5. నాలుగే ఉంటే ఇంజిన్ మార్చారు కానీ ఇరుసు, బ్రేకులు మార్చలేదని అర్థం.

రెంచి రాజు (హ్యూస్టన్)
బాబాయ్ గారు తుప్పు గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నా ఓటు మాత్రం షెవర్లే నోవాకి. 1968 నుంచి వచ్చిన నోవాకి ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, ముందు చక్రాలు మోసే ఫ్రేమ్) డిజైన్ మొదటి తరం కమారోదే. బ్రేకులు, సస్పెన్షన్ సామాను చాలావరకు ఇటుదటు పనికొస్తుంది. కమారో పేరుకి పెట్టే డబ్బు పెట్టక్కర్లేదు, వెనక సీట్లో కాళ్లు పెట్టుకునే చోటూ ఎక్కువే. మీకు నలుగురు కూర్చోవాలన్నారు కదా.

కమారోనే కావాలంటే, 1967-69లో ఛాసిస్ నంబరు 124తో మొదలైతే వీ8గా పుట్టింది, 123 అయితే సిక్స్‌గా పుట్టింది. ప్రకటనలో ఏం రాసినా మీరు ముందు ఆ ప్లేటు చూడండి.

షెవీ (షెవర్లే) వాళ్ల 350 స్మాల్ బ్లాక్ వీ8 నేర్చుకునేవాళ్లకి మంచి ఇంజిన్. ఏ ఊళ్లోనైనా సామాను దొరుకుతుంది. మా అబ్బాయి 1-8-4-3-6-5-7-2 అని ఫైరింగ్ ఆర్డర్‌ని (సిలిండర్లు ఏ వరసలో మండాలో ఆ క్రమాన్ని) ఎక్కంలా అప్పజెప్పేవాడు, స్పార్క్ ప్లగ్గు వైర్లు తనే తగిలించేవాడు.

మిషిగన్ అక్క
తమ్ముడూ, ఏ కారో మీరొక్కరే తేల్చేయకండి. పిల్లల్ని ముందు కార్లు చూడ్డానికి తీసుకెళ్లండి. మేం ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల పండగకి వెళ్తాం. 1995లో మొదలైంది. ఆ రోజు డెట్రాయిట్ శివార్ల రోడ్డు మీద పాత కార్లు వరసగా పోతూనే ఉంటాయి. మా అమ్మాయి ఏ కారు దగ్గర ఎక్కువసేపు నిలబడుతుందో అక్కడే గమనించాం. మీకైతే ఫోర్ట్‌వర్త్ టెక్సస్ మోటర్ స్పీడ్‌వే దగ్గర ఏప్రిల్‌లో పేట్ స్వాప్ మీట్ అనే పాత కార్ల సంత జరుగుతుంది. సామాను, కార్లు రెండూ ఒకేచోట చూడొచ్చు.

ఎప్పుడైనా ఇటొస్తే డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం చూపించండి. సీరియల్ నంబర్ 1 మస్టాంగ్ అక్కడుంది. అది అమ్మాల్సిన కారు కాదు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ డీలరు దగ్గర ఒక పైలట్ కొనేసుకున్నాడు. తర్వాత పదిలక్షలో మస్టాంగ్ ఇచ్చి ఫోర్డ్ వాళ్లు వెనక్కి తెచ్చుకున్నారు. ఈ కథ విన్నాక మా పిల్లలకి కార్ల సీరియల్ నంబర్ల మీద మక్కువ పుట్టింది.

ఇంక అమ్మగా చెప్తున్నా. పాత బ్రేకు షూలలో, గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ము విప్పాక గాలి కొట్టి ఊదకండి, తడిపి తుడవండి. పాత పెయింటులో సీసం ఉంటుంది, గీకేటప్పుడు పిల్లలు పక్కన ఉండకూడదు. మస్టాంగ్ ముందు కాయిల్ స్ప్రింగులు విప్పే రోజు పిల్లల్ని సినిమాకి పంపేయండి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణం మీదకొస్తుంది.

ఫ్రిస్కో నాన్న
ధన్యవాదాలు, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. రెండు ప్రకటనలు చూశాను. ఒకటి 1970 షెవెల్ "ఎస్ఎస్" అంటున్నాడు, ధర మా బడ్జెట్ మొత్తం మింగేస్తుంది. రెండోది 1965 ఫాస్ట్‌బ్యాక్, పూర్తిగా విప్పేసి డబ్బాల్లో పెట్టాడు. చవక. డబ్బాల్లోదైతే పిల్లలకి మొదట్నుంచీ నేర్పొచ్చు కదా?

రెంచి రాజు
షెవెల్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్, షెవెల్‌లో ఖరీదైన రకం) విషయంలో జాగ్రత్త. 1966 నుంచి 68 వరకు ఛాసిస్ నంబరు 138తో మొదలైతే నిజమైన ఎస్ఎస్ 396. 1969 నుంచి ఎస్ఎస్ ఒక ఆప్షన్ ప్యాకేజీ అయిపోయింది, నంబరు చూసి చెప్పలేం. కారుకి ఏమేం బిగించారో రాసిన ఫ్యాక్టరీ బిల్డ్ షీటో, అప్పటి అసలు కాగితాలో చూపించకపోతే మాలిబు, అంటే మామూలు షెవెల్, ధరే ఇవ్వండి. నిజానికి కుటుంబంతో చేసుకోవడానికి మాలిబునే హాయి. అసలైన ఎస్ఎస్‌కి ఒక రంధ్రం డ్రిల్లు చేయాలన్నా చెయ్యి రాదు.

ఇంకోటి. 1971కి, 1972కి మధ్య హార్స్‌పవర్ అంకెలు హఠాత్తుగా పడిపోయినట్టు కనిపిస్తాయి. 1971లోనే జనరల్ మోటార్స్ కంప్రెషన్ తగ్గించిన మాట నిజమే, కానీ 1972 నుంచి కొలిచే పద్ధతే గ్రాస్ (ఒట్టి ఇంజిన్‌ని కొలవడం) నుంచి నెట్‌కి (కారులో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలవడం) మారింది. అంకె చూసి 72 కారుని పక్కన పెట్టేయకండి.

ఎడిసన్ బాబాయ్
డబ్బాల్లో కారు వద్దు బాబూ, ఎంత చవకైనా వద్దు. విప్పినవాడికి తప్ప ఏ బోల్టు ఎక్కడిదో ఎవరికీ తెలియదు, ఏది పోయిందో చివర్లో గాని బయటపడదు. నడుస్తున్న కారు కొను.

నాన్న కూతురు (అట్లాంటా)
నాకిప్పుడు 29. మా నాన్న నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు 1966 మస్టాంగ్ కూపే కొన్నారు, 200 సిక్స్, లేత నీలం. పిల్లల వైపు నుంచి చెప్పేవాళ్లు ఒకరుండాలని రాస్తున్నాను.

బాబాయ్ గారి ఆఖరి మాట పట్టుకోండి అంకుల్. మా కారు కొన్న రోజు నుంచీ నడిచేది. పొగ వచ్చేది, బ్రేకు ఒక పక్కకి లాగేది, అయినా కాలనీలో ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్లం. నాన్న నియమం ఏంటంటే ఒకసారికి ఒకే పని విప్పాలి, అది బిగించాకే ఇంకోటి. శనివారం బ్రేకులు విప్పితే ఆదివారం సాయంత్రానికి చక్రం మళ్లీ కారుకి ఉండాలి. దాంతో మేం చేసిన పనికి ఫలితం వెంటనే తెలిసేది. పాయింట్లు (స్పార్కుకి కరెంటు తెంపే పాతకాలపు స్విచ్చు) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిన రోజు ఒక్క కీ తిప్పుకే స్టార్టయింది. తమ్ముడు అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు బయటికొచ్చారు. స్పార్కు పడ్డప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు పట్టుకునే హక్కు నాదే. తిరుగుతున్న పుల్లీ మీద గీత ఆ వెలుగులో కదలకుండా ఆగిపోయినట్టు కనిపించడం నాకు ఫిజిక్స్ క్లాసు కంటే ఎక్కువ నేర్పింది.

నా క్లాసులో వేరే అబ్బాయి వాళ్లింట్లో మొదటి వారంలోనే కారు మొత్తం విప్పేశారు. నేను కాలేజీకి వెళ్లేనాటికి కూడా అది స్టాండ్ల మీదే ఉంది.

పాపకి ఒక భాగం పూర్తిగా అప్పజెప్పండి. నాకు కార్బురేటర్ ఇచ్చారు. నేను తప్పు బిగించినా తను ముట్టుకోకుండా, నేనే కనిపెట్టేదాకా పక్కన కూర్చునేవారు.

గోదారి వీ8 (చికాగో)
సిక్స్ మాట వచ్చింది కాబట్టి నాదీ ఒక్క మాట. 1964లో పాంటియాక్ జీటీఓ ఎందుకు పుట్టింది? మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటొద్దని జనరల్ మోటార్స్ నియమం పెడితే, లెమాన్స్ మీద ఆప్షన్‌గా 389 ఇంజిన్ పెట్టి అమ్మారు. చిన్న కారులో పెద్ద ఇంజిన్ పెట్టడమే దీని ఆత్మ. ఆ మోత లేకుండా మజిల్ కారు ఏమిటి? సి కోడ్ 289 కూపే చూడండి, ధరలో కొండంత తేడా ఉండదు.

నాన్న కూతురు
మీరు చెప్పింది కాదనను, 289 మోత నాకూ ఇష్టమే. రెండు కార్లు పక్కపక్కన ఉంటే మాత్రం తుప్పు పట్టిన వీ8 కంటే తుప్పు లేని సిక్స్ తీసుకోమంటాను.

స్లాంట్ సిక్స్ శ్రీను (ఒహాయో)
డార్ట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. డార్ట్, ప్లిమత్ డస్టర్ రెండూ బాగుంటాయి. ముందు స్ప్రింగుల బదులు మెలిపడే కడ్డీలు, టార్షన్ బార్లు ఉంటాయి కాబట్టి అక్క చెప్పిన కాయిల్ స్ప్రింగు భయం లేదు. 225 స్లాంట్ సిక్స్ (పక్కకి వాల్చి పెట్టిన ఆరు సిలిండర్ల ఇంజిన్) ఓ పట్టాన చావదు. బాడీ రేకులు మాత్రం మస్టాంగ్‌కి దొరికినంత సులువుగా దొరకవు. 1960ల డార్ట్‌లలో ఎడమ వైపు చక్రాల నట్లకి మర తిరగేసి ఉంటుంది. పిల్లల చేతికి పానా ఇచ్చేముందు చెప్పండి, లేకపోతే విప్పుతున్నామనుకుని బిగించి స్టడ్డు విరగ్గొడతారు.

మిషిగన్ అక్క
గుడి షరతు గురించి. 1966 వరకు మస్టాంగ్ బ్రేకు మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ నొక్కితే బ్రేకు ఆయిలుని చక్రాలకి తోసేది) ఒకే గది. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. 1967 నుంచి రెండు గదులు. మొదటి ఖర్చు దీనికే పెట్టండి: రెండు గదుల సిలిండర్, కొత్త గొట్టాలు, వీలైతే ముందు డిస్కులు. కిట్లు దొరుకుతాయి. పెట్రోలు రబ్బరు పైపులు కూడా మార్చేయండి, ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు మెత్తబడి కారుతుంది.

బెల్టులు నడుముకే ఉంటాయి. పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటుకి భుజం బెల్టు తప్పనిసరి. బాబు 4 అడుగుల 9 అంగుళాలు లేకపోతే వెనక భుజం బెల్టు పెట్టించేదాకా అందులో రోడ్డెక్కించొద్దు. ఆ బెల్టు బిగించే చోటు అనుభవమున్న మెకానిక్ చేత చేయించండి.

రెంచి రాజు
టెక్సస్‌లో యాంటిక్ ప్లేట్లు తీసుకుంటే ప్రదర్శనలకి, పరేడ్లకి, క్లబ్బు పనులకే తిప్పాలి. మీరు గుడికీ, బడికీ తిరగాలంటే క్లాసిక్ ప్లేట్లో మామూలు ప్లేట్లో తీసుకోండి. ఇన్సూరెన్సు "ఒప్పుకున్న విలువ" (కారు విలువ ఎంతో ముందే కంపెనీతో ఒప్పుకునే) పద్ధతిలో ఉండాలి. అలాంటి పాలసీలు చాలావాటిలో కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లల్ని నడపనివ్వరు, పాప విషయం ముందే అడిగి రాయించుకోండి.

ఫ్రిస్కో నాన్న
ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. షెవెల్, డబ్బాల కారు రెండూ వదిలేశాం. డెంటన్‌లో 1966 కూపే ఒకటి అమ్మకానికి ఉంది, సి కోడ్, నడుస్తోంది. నంబరులో మూడో, నాలుగో అంకెలు పాపే చదివి 07 అని చెప్పింది. శనివారం నలుగురం వెళ్తున్నాం. చేతిలో ఏం పట్టుకెళ్లాలి?

ఎడిసన్ బాబాయ్
టార్చి, బక్కెట్, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి, పలచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం. అయస్కాంతం బాబు చేతికివ్వు. తలుపుల కింది అంచులు, వెనక చక్రాల పైన వంపు, డిక్కీ మూలలు తడుముతూ పోవాలి. ఎక్కడ అంటుకోదో అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. నువ్వు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే ఫోను చేసి చెప్పు, చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో చూడాలి. టైటిల్ (కారు ఎవరిదో చెప్పే పత్రం) మీద నంబరు, కారు మీద నంబరు పాప చేత పక్కపక్కన చదివించు. టైటిల్ అమ్మేవాడి పేరు మీద లేకపోతే, కారు ఎంత నచ్చినా అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగొచ్చేయ్.