స్వస్థత ‘నొందితిరి’నా, ‘కలుగుచున్నది’నా? మ్రానుకు రవత్తు ఉండాలా?

కొర్లగుంట, తిరుపతి
మా అవ్వ సమాధికి రాయి చేయిస్తున్నాం. ఆమె ఎప్పుడూ చెప్పుకునే వాక్యమే దాని మీద ఉండాలని మా నాయన పట్టు. ఆమె నోట విన్నది ఇట్లా గుర్తుంది: “మాను మీద మన పాపాలు మోసినాడు, ఆయన పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలిగెను.” బైబిల్‌లో వెతికితే ఈ రూపంలో ఎక్కడా లేదు. ఒకచోట ‘కలుగుచున్నది’ అని ఉంది, ఇంకోచోట ‘నొందితిరి’ అని ఉంది. చెక్కే ఆయన కాగితం మీద రాసిస్తే తప్ప ఉలి పట్టనంటాడు. ‘మాను’కు రవత్తు ఉందా లేదా అని అడుగుతున్నాడు. ఒకసారి చెక్కితే చెరిపేది కాదు కదా. పెద్దలు చెప్పండి.

పలమనేరు తెలుగు పంతులు
మీ అవ్వ రెండు వాక్యాలు కలిపి చెప్పుకున్నారు. దెబ్బలు, ‘మనకు’ యెషయా 53:5వి: “అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది.” మాను 1 పేతురు 2:24ది: “ఆయన తానే తన శరీరమందు మన పాపములను మ్రానుమీద మోసికొనెను. ఆయన పొందిన గాయములచేత మీరు స్వస్థత నొందితిరి.” పేతురు యెషయానే తిరగ చెబుతున్నాడు కాబట్టి ఆమె కలపడంలో వింత లేదు. ఇక రవత్తు. మ్రాను గ్రాంథికం, మాను మన నోటి మాట. చింతమాను, వేపమాను అనని ఇల్లు మన జిల్లాలో లేదు. కదిరి దగ్గరిది తిమ్మమ్మ మర్రిమానే గాని మర్రిచెట్టు కాదు. రాతి మీదికి వాక్యం ఎక్కిస్తున్నప్పుడు మాత్రం మ్రాను అని రవత్తుతోనే వేయండి.

పుత్తూరు పద్యప్రియుడు
మాస్టారూ, రవత్తు వేస్తే ఒక గొప్ప శ్లేష పోతుంది. గాయం ‘మానడం’ కూడా మానే. మాను మీద ఆయన గాయపడ్డాడు, మన గాయం మానింది. అవ్వ రకారం లేకుండా పలికింది ఊరికే కాదని నా నమ్మకం. ఇంగ్లీషులో గాని గ్రీకులో గాని లేని అందం ఇది, తెలుగుకే దొరికింది. రాతి మీద ‘మాను’ ఉండనివ్వండి.

పలమనేరు తెలుగు పంతులు
అందం ఉంది, కాదనను. కానీ ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు. చెట్టు అర్థంలో మ్రాను ఉంది, దాన్నుంచే మ్రాన్పడడం వచ్చింది: చెట్టులా కదలక నిలిచిపోవడం. పుండు మానడంలో రకారం ఏనాడూ లేదు. ఇంకొక సంగతి. పేతురు ‘సిలువ’ అనవలసినచోట మ్రాను అన్నాడు. గ్రీకులో ఆ మాట క్సులోన్. కట్టెకూ చెట్టుకూ అదే. సిలువకు వేరే మాట ఉండగా దాన్ని ఎందుకు పట్టుకున్నాడంటే ద్వితీయోపదేశకాండం 21:23 వినిపించాలని. గలతీ 3:13లో పౌలు ఎత్తి చెప్పేదీ అదే: “మ్రానుమీద వ్రేలాడిన ప్రతివాడును శాపగ్రస్తుడు.” తీర్పు ఆ చెట్టులో ఉంది. ఆ బరువు తెలియాలంటే గ్రాంథికమే సరి.

నగరి ఉపదేశి
రవత్తు సంగతి మీరు తేల్చుకోండి. తమ్ముడు అడిగిన అసలు ప్రశ్న క్రియ గురించి. హెబ్రీలో యెషయా వాడింది ‘నిర్పా’. అయిపోయిన పనిగా చెప్పే రూపం అది. ప్రవక్తలు జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెప్పడం మామూలే. పేతురు గ్రీకులో వాడిన ‘ఇయాతేతె’ కూడా జరిగిపోయినదే, అందుకే తెలుగులో ‘నొందితిరి’. యెషయా దగ్గర మన అనువాదకులు ‘కలుగుచున్నది’ అని వర్తమానం పెట్టారు. క్రియ వరకు చూస్తే మూలానికి దగ్గరగా ఉన్నది మీ అవ్వ ‘కలిగెను’. ఆమె చదువుకున్న మనిషా?

కొర్లగుంట, తిరుపతి
బడికి పోలేదు సార్. వయసులో ఉండగా క్షయ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో పెట్టినారట. అక్కడే కీర్తనలూ వాక్యాలూ విని నేర్చుకుంది. ఆ జబ్బు నయమై ఇంటికి వచ్చింది. మళ్లీ ముసలితనంలో కిడ్నీలు పోయినాయి. అడగలేక అడుగుతున్నాను: చివర్లో ఒక కూడికలో ఒకాయన ‘స్వస్థత ఎప్పుడో కలిగిపోయింది, నీకు అందలేదంటే నీ విశ్వాసంలో లోపం’ అన్నాడు. ఆమె ఏమీ అనలేదు గాని ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అందుకే ‘కలిగెను’ అని వేయాలంటే నాకు చెయ్యి రావడం లేదు.

మిట్టూరు, చిత్తూరు
తమ్ముడూ, ఆ మాట అన్నవాళ్లు పుస్తకం సగమే చదివినారు. మిలేతులో త్రోఫిము రోగిగా ఉంటే పౌలు అతన్ని అక్కడే విడిచిపెట్టి వచ్చినాడు, 2 తిమోతి 4:20. తిమోతి కడుపునొప్పికి కొంచెం ద్రాక్షారసం తాగమన్నాడే గాని విశ్వాసం చాలదనలేదు. తన ఒంటిలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే పౌలుకే వచ్చిన జవాబు “నా కృప నీకు చాలును”. గుడ్డివాడిని చూసి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే ప్రభువు ఏమన్నాడో యోహాను 9:3 చూడండి. వీడూ చేయలేదు, వీణ్ణి కన్నవాళ్లూ చేయలేదు అన్నాడు.

నేను వేలూరు దగ్గర కరిగిరిలో కుష్ఠు రోగుల మధ్య నర్సుగా పనిచేసినదాన్ని. అక్కడ అరికాలిలో మేకు దిగినా మనిషికి తెలిసేది కాదు. చెప్పులోంచి నెత్తురు నేల మీద మరకలు వేస్తుంటే మేము చూసి చెప్పాలి. కట్టు కడుతుంటే వాళ్లు అడిగే మాట ఒకటే: “దేవుడు నన్ను మొత్తినాడా అమ్మా?” యెషయా 53:4లో అదే మాట ఉంది, “మొత్తబడినవానిగాను.” హెబ్రీలో ఆ మాటకూ, లేవీయకాండంలో కుష్ఠు పొడకు వాడిన మాటకూ మూలం ఒకటే. బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన జెరోము ‘కుష్ఠరోగి వంటివాడు’ అనే రాసినాడు. దేవుడు మొత్తినాడని లోకం ఎవరిని చూసి అనుకున్నదో ఆయనే మన రోగం మోస్తున్నాడని ప్రవక్త చెబుతుంటే, రోగిని చూపించి నీ లోపం అనడానికి మనకు నోరెట్లా వస్తుంది?

గ్రీమ్స్‌పేట
అక్కా, ఆ 4వ వచనంలోనే నాకు ఎప్పటి నుంచో ఒక అనుమానం. “మన రోగములను భరించెను మన వ్యసనములను వహించెను.” మా యువజన కూడికలో ఈ వ్యసనాలంటే సారా, గుట్కా అని గంటసేపు ప్రసంగం చేసినారు. అది సరేనా?

పుత్తూరు పద్యప్రియుడు
సరే ఎందుకు కాదు? తిక్కన ఉద్యోగపర్వంలో “వెలది జూదంబు పానంబు వేట” అంటూ సప్తవ్యసనాలు లెక్కపెట్టాడు కదా. అర్థం కొత్తగా పుట్టింది కాదు, అనువాదకులకు సుమారు ఆరు వందల ఏళ్ల ముందటిది.

పలమనేరు తెలుగు పంతులు
తిక్కన సంగతి ఒప్పుకుంటాను, ఇక్కడికి మాత్రం తేవద్దు. సంస్కృతంలోనూ పాత తెలుగులోనూ వ్యసనానికి ఆపద, దుఃఖం అనే అర్థాలు బలంగా ఉన్నాయి. బ్రౌను 1852 నిఘంటువులోనూ దుఃఖం ఉంది. అంతదూరం పోనక్కరలేదు, మత్తయి 19:22 చాలు. ఆస్తి అమ్మి బీదలకివ్వమంటే ఆ యౌవనుడు “వ్యసనపడుచు వెళ్లిపోయెను”. సారా తాగుతూ వెళ్లిపోలేదు కదా, దిగులుపడుతూ వెళ్లినాడు. 53:3లో “వ్యసనాక్రాంతుడు” అన్నదీ ప్రభువు గురించే. అక్కడ మీ అర్థం పెడితే ఎంత ఘోరమో చూడండి. హెబ్రీ మాట ‘మకోబ్’, అంటే నొప్పి, వేదన. శ్రమ కూడా ఇట్లాంటిదే. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం అంటే కష్టపడి పనిచేసే కాలం కాదు. పోతన గజేంద్రుడు “తనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్” అన్నాడు చూడండి, ఆ శ్రమ.

నగరి ఉపదేశి
మాస్టారు మకోబ్ దాకా వచ్చారు కాబట్టి ఇంకొకటి. యూదుల పాత గ్రీకు అనువాదంలో 53:4 ‘మన రోగములను’ అనదు, ‘మన పాపములను’ అంటుంది. పేతురు “మన పాపములను” అన్నప్పుడు చెవిలో ఉన్నది ఆ గ్రీకు పాఠమే అనిపిస్తుంది. మత్తయి 8:17 దాన్ని పక్కనపెట్టి హెబ్రీ దారిలో ‘బలహీనతలు, రోగములు’ అన్నాడు. ఎక్కడ అన్నాడు? కపెర్నహూములో పేతురు అత్త జ్వరం విడిచిన సాయంత్రం. సిలువకు ఇంకా చాలా ముందు! అంటే రోగులను బాగు చేస్తూ తిరగడంలోనే ఆ ప్రవచనం నెరవేరిందని మత్తయి చెబుతున్నాడు. ప్రాయశ్చిత్తంలో ఒంటి స్వస్థత ఉందనేవారు మత్తయిని పట్టుకుంటారు, ఆత్మకే అనేవారు పేతురును పట్టుకుంటారు. నా మటుకు రెండూ ఉన్నాయి, రెండూ ఒకే గడియలో చేతికి రావు. ఒంటి విమోచనం కోసం మూలుగుతూ కనిపెడుతున్నామని రోమా 8:23 చెప్పనే చెబుతోంది.

ఇంకా ఒక మాట. పేతురు ‘మీరు స్వస్థత నొందితిరి’ అన్నది ఎవరితో? 18వ వచనం నుంచి చదవండి: “పనివారలారా”. ఇంటి బానిసలు వాళ్లు, “ముష్కరులైన” యజమానుల చేతి దెబ్బలు తింటున్నవాళ్లు. నిన్నటి దెబ్బ వీపు మీద పచ్చిగా ఉన్న మనిషితో ఆయన గాయంచేత నీకు స్వస్థత అంటున్నాడు. వాళ్ల వీపులు ఆ పూట మానలేదు. అందువల్ల వాళ్లది అల్పవిశ్వాసమని పేతురు అనలేదు.

పుత్తూరు పద్యప్రియుడు
సమాధి రాయి అన్నాక జాషువా రాకుండా ఎట్లా? క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, కానీ ఊరూరా జనం నోట నిలిచినవి శ్మశానవాటి పద్యాలే. హరిశ్చంద్ర నాటకం మన పల్లెల్లో ఎక్కడ ఆడినా కాటిసీనులో “ఇచ్చోటనే సత్కవీంద్రుని” ఎత్తుకోకపోతే జనం లేవరు. రాసింది జాషువా అని తెలియకుండానే వన్స్‌మోర్ కొట్టిన తరాలు ఉన్నాయి. ఆ సీసంలో క్రియలు చూడండి: కరిగిపోయె, అంతరించె, కలసిపోయె, నశించె. కలమూ రాజముద్రికా నల్లపూసలూ కుంచే అన్నీ భూతకాలంలోకి పోయినాయి. మరణం పక్కన తెలుగులో సహజంగా వచ్చేది భూతకాలమే. అందుకే అంటున్నా, రాతి మీద ‘కలిగెను’ అని వేస్తే అదీ ఆ వరసలో కలిసిపోతుంది. ‘కలుగుచున్నది’ ఒక్కటే ఎదురు నిలబడుతుంది. వ్యాకరణం ఉపదేశి గారి వైపు ఉండవచ్చు, నా ఓటు అనువాదకులకే.

పలమనేరు తెలుగు పంతులు
పద్యంలో ఉన్నది ‘గరిగిపోయె’, ‘గలసిపోయె’. సరళాదేశం, అంటే ‘క’ ‘గ’గా మారడం, వదిలి పలికితే సీసం చప్పబడుతుంది. కానీ క్రియల గురించి మీరన్నది నాకు నచ్చింది.

గ్రీమ్స్‌పేట
మరి అదే వచనంలో “మన సమాధానార్థమైన శిక్ష” అని ఉందే. శిక్ష అంటే తీర్పే కదా? తీర్పు ఆయన మీద పడిపోతే మన రోగాన్ని దేవుని తీర్పు అనడం అసలు కుదురుతుందా? అయితే 1 కొరింథీ 11:30లో ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర అయోగ్యంగా తిన్నందువల్లనే అనేకులు రోగులై ఉన్నారని పౌలే అంటున్నాడు.

నగరి ఉపదేశి
మంచి ప్రశ్న. 30 దగ్గర ఆగకుండా 32 దాకా పోవాలి. లోకంతోపాటు శిక్షావిధి పొందకుండా ఉండేందుకే ప్రభువు మనల్ని శిక్షిస్తున్నాడంటాడు అక్కడ. రెండు శిక్షలున్నాయి, ఒకటి న్యాయాధిపతిది, ఒకటి తండ్రిది. యెషయా 53:5లోని హెబ్రీ మాట ‘మూసార్’. సామెతలు 3:11లో “యెహోవా శిక్షను తృణీకరింపవద్దు” అన్నచోటా అదే మాట. దిద్దడం, నేర్పడం, దండించడం మూడూ అందులో ఉన్నాయి. కొరింథు సంఘంలో ఫలానా రోగానికి ఫలానా తప్పు కారణమని పౌలు అపొస్తలుడుగా చెప్పినాడు. మనం ఆసుపత్రి మంచం పక్కన నిలబడి చెప్పడానికి మనకెవరూ ఆ అధికారం ఇవ్వలేదు. యాకోబు 5:14 మనకిచ్చిన పని పెద్దలను పిలిపించడం, నూనె రాయడం, ప్రార్థన చేయడం. విచారణ జరపమని లేదు.

పలమనేరు తెలుగు పంతులు
సంస్కృతంలో శిక్షకు మొదటి అర్థం నేర్పడమే, శిక్షణ అందులోదే. వేదాంగాల్లో శిక్ష అంటే ఉచ్చారణ నేర్పే శాస్త్రం. మూసార్‌కు ఇంతకన్నా దగ్గరి మాట తెలుగులో దొరకదు. ‘దండన’ అని వేసి ఉంటే సగం అర్థం పోయేది. ఇంకొకటి గమనించారా, సమాధానం, సమాధి రెండింటికీ ధాతువు ఒకటే.

మిట్టూరు, చిత్తూరు
మాస్టారూ, ధాతువులు తర్వాత. తమ్ముడూ, ‘మీరు నొందితిరి’ అంటే రాయి చూడవచ్చినవాళ్లతో మాట్లాడినట్టుంటుంది. ‘మనకు’ అంటే మీ అవ్వ కూడా అందులో ఉంటుంది. యెషయా వాక్యం తీసుకోండి.

కొర్లగుంట, తిరుపతి
అక్కా, మా నాయనకు చదివి వినిపించినాను. ‘మనకు’ అన్నది ఒప్పుకున్నాడు. కానీ మాను లేకుండా కుదరదంటాడు, అమ్మ మాను అని చెప్పకుండా ఆ వాక్యం ఎప్పుడూ మొదలుపెట్టలేదట. యెషయాలో మాను లేదు. రెండూ కలిపి వేస్తే కింద ఏ రెఫరెన్సు రాయాలి?

పుత్తూరు పద్యప్రియుడు
రెఫరెన్సు వద్దు. అవ్వ చెప్పినది చెప్పినట్టు వేయించి, చివర ‘కలుగుచున్నది’ చేయండి. రవత్తు లేకుండా.

పలమనేరు తెలుగు పంతులు
రెఫరెన్సు లేకుండా వాక్యం వేయకూడదు. రెండు వరుసల్లో వేయండి, పైన పేతురు, కింద యెషయా, ఎవరిది వారికి. రవత్తుతో.