డజను మంది మిత్రుల కార్పొరేషన్: పన్ను, అథనార్, డైరెక్టర్ హోదాల గురించి సలహా కావాలి

గనికూలీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో మేము ఒక చిన్న కార్పొరేషన్, అంటే ఆటగాళ్ల సంఘం, నడుపుతున్నాము. సభ్యులు డజను మంది దాకా ఉంటారు. సగం మంది హైదరాబాదు, విజయవాడల్లోనూ, తక్కినవారు డాలస్, మెల్‌బోర్న్‌లలోనూ ఉన్నారు. పోలీసు కాపలా ఉండే హైసెక్ ప్రాంతం దాటి మేము పెద్దగా పోము. ఎక్కువమందిది గని తవ్వకం, ఇద్దరు ముగ్గురు మిషన్లు చేస్తారు. ఇప్పటిదాకా సీఈఓగా ఉన్న మిత్రుడికి కొత్త ఉద్యోగం వల్ల తీరిక చిక్కక, ఈ మధ్యనే పగ్గాలు నాకు అప్పగించారు. పుస్తకాలు తెరిచి చూస్తే మూడు విషయాలు నన్ను కలవరపెడుతున్నాయి.

మొదటిది, పన్ను 10 శాతం అని పెట్టి ఉన్నా కార్పొరేషన్ వాలెట్ ఎప్పుడూ అడుగంటే ఉంటోంది. రెండవది, 0.5 భద్రత స్థాయి గల ఒక సిస్టమ్‌లో (నక్షత్ర వ్యవస్థలో) అథనార్ అనే తవ్వకపు స్థావరాన్ని నిలబెట్టి చంద్రుడి ఖనిజం తవ్వుదామని సభ్యులు గట్టిగా అడుగుతున్నారు. అంత భారం మోయగలమా అన్నది నా సందేహం. మూడవది అన్నిటికన్నా ఇబ్బందికరమైనది: పాత సీఈఓ అడిగినవారికల్లా డైరెక్టర్ హోదా ఇచ్చారు, ప్రస్తుతం సభ్యుల్లో సగం మంది డైరెక్టర్లే. వీరంతా బయట కూడా నాకు తెలిసినవారు, కొందరు వయసులో పెద్దవారు. ఎవరి మీదా నాకు అనుమానం లేదు. అయితే రేపు కొత్తవారిని చేర్చుకోవాలంటే ఈ అమరికను ఇలాగే ఉంచడం సరి కాదనిపిస్తోంది. నొప్పించకుండా ఎలా సరిదిద్దాలి?

పద్దులరాయుడు ఇచ్చిన సమాధానం:

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆట నియమాల్లోనే ఉంది. కార్పొరేషన్ పన్ను అంతరిక్షపు దొంగలను కూల్చితే వచ్చే బహుమతి సొమ్ము, మిషన్ల ప్రతిఫలం వంటివాటికే వర్తిస్తుంది. తవ్విన ఖనిజం మీద గానీ, దాన్ని బజారులో అమ్మగా వచ్చిన ఇస్క్ (ఆటలోని డబ్బు) మీద గానీ ఒక్క పైసా కూడా పడదు. అంటే మీ కార్పొరేషన్‌ను ఇప్పుడు పోషిస్తున్నది ఆ మిషన్లు చేసే ఇద్దరు ముగ్గురే. వారికి ఈ సంగతి తెలిసిన రోజున అడగకుండా ఉండరు. ఏ ఆటగాళ్ల కార్పొరేషన్‌లోనూ చేరనివారు ఉండే, ఆటే నడిపే ఎన్‌పీసీ కార్పొరేషన్లలో పన్ను 11 శాతం కాబట్టి, మీ 10 శాతంలో వారికి కనిపించే లాభం నామమాత్రమే. దాన్ని 5కు దించండి.

తవ్వకం చేసేవారి నుంచి రాబడి రావాలంటే కార్పొరేషనే ఖనిజం కొనే పద్ధతి పెట్టుకోవాలి. సభ్యుడు తవ్విన సరుకును కాంట్రాక్ట్ ద్వారా కార్పొరేషన్‌కు అప్పగిస్తాడు, ధరలు లెక్కగట్టే జానిస్ వంటి వెబ్‌సైట్‌లో ఆ పూట జీటా అనే పెద్ద బజారులోని కొనుగోలు ధర చూసి అందులో 90 శాతం మీరు అక్కడికక్కడే చెల్లిస్తారు. సరుకును కుదించి జీటాకు చేర్చి అమ్ముకునే పని కార్పొరేషన్‌ది, మిగిలిన తేడా కార్పొరేషన్‌ది. సభ్యుడికి తీరే బెడద ఏమిటంటే, నిండిన హ్యాంగర్ (సరుకు గది) పెట్టుకుని జీటాకు మోసుకుపోయే తిప్పలు ఉండవు. పన్ను అంటే ముఖం చిట్లించేవారు కూడా ఈ 10 శాతాన్ని కూలి కింద లెక్కగట్టుకుని సంతోషంగా ఇస్తారు. అయితే మొదటి కొన్ని వారాలు చెల్లించడానికి చేతిలో పెట్టుబడి ఉండాలి. అది లేనప్పుడు అరువు మీద కొనడం మొదలుపెట్టవద్దు, "తరువాత ఇస్తాను" అన్న మాటతో కొనుగోలు పథకాలు మూలపడటం చాలా చోట్ల చూశాను.

వాలెట్‌కు ఏడు విభాగాలు ఉంటాయి. ఖనిజం కొనుగోలుకు ఒకటి, పోయిన ఓడల పరిహారానికి ఒకటి విడిగా పెట్టి, ప్రతి విభాగానికీ తెలుగులోనో ఇంగ్లీషులోనో అర్థమయ్యే పేరు పెట్టండి. సభ్యులందరికీ జూనియర్ అకౌంటెంట్ పాత్ర ఇస్తే పద్దులు చూడగలరు, సొమ్ము తీయలేరు. డబ్బు ఎక్కడికి పోతోందో కంటికి కనిపిస్తుంటే సగం గొణుగుడు దానంతట అదే తగ్గుతుంది.

పాతకాపు ఇచ్చిన సమాధానం:

పన్ను సంగతి రాయుడు గారు చక్కగా చెప్పారు. నేను మూడవ ప్రశ్న గురించే రాస్తాను, ఎందుకంటే మొదటి రెండూ తప్పినా కార్పొరేషన్ నిలుస్తుంది, ఇది తప్పితే నిలవదు.

డైరెక్టర్ అనేది గౌరవ సూచకమైన బిరుదు కాదు. ఆ పాత్ర ఉన్నవారికి ఏడు హ్యాంగర్లూ, ఏడు వాలెట్లూ, స్ట్రక్చర్ల (అథనార్ వంటి కట్టడాల) తాళాలూ, సభ్యులను చేర్చుకునే, తీసివేసే అధికారమూ అన్నీ ఒకేసారి చేతికి వస్తాయి. ఈ ఆట చరిత్రలో అతి పెద్ద కూటముల్లో ఒకటైన బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ 2009 ఫిబ్రవరిలో కూలిపోయింది యుద్ధభూమిలో కాదు. కూటమిని నడిపే కార్పొరేషన్‌లోని ఒక డైరెక్టర్ శత్రుపక్షమైన గూన్‌స్వార్మ్ వైపు తిరిగి, తనకు ఉన్న అధికారంతోనే కూటమిని రద్దు చేశాడు. వేలమంది ఏళ్ల తరబడి కట్టుకున్నది ఒక మెనూలో ఒక నొక్కుతో పోయింది. ఆట నిర్మాతలైన సీసీపీ సంస్థ దృష్టిలో ఇటువంటివి మోసం కిందికి రావు, ఆటలో భాగమే. ఫిర్యాదు చేసినా పోయింది తిరిగి రాదు.

మీ మిత్రుల్లో ఎవరూ అలా చేయరని నేనూ నమ్ముతాను. కానీ ప్రమాదం దురాశ నుంచే రానక్కరలేదు. ఒక డైరెక్టర్ ఖాతా పాస్‌వర్డ్ బయటికి పొక్కినా, ఇంట్లో తమ్ముడు సరదాగా లాగిన్ అయినా ఫలితం అదే. అందువల్ల దీన్ని నమ్మకానికి సంబంధించిన చర్చగా మొదలుపెట్టకండి. "కొత్తవారిని చేర్చుకోబోతున్నాము కనుక పాత్రలన్నీ తీసివేసి, పనిని బట్టి మళ్లీ ఇస్తున్నాము" అని అందరికీ ఒకేసారి, ఒకే సందేశంలో తెలియజేయండి. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడితే ఒక్కొక్కరి మొహమాటమూ మీరే మోయాలి. పెద్దవారికి ముందుగా ఒక ఫోను చేసి, "అన్నయ్యా, ముందు నీ పాత్రతోనే మొదలుపెడతాను, నువ్వు సరే అంటే మిగిలినవారు మారు మాట్లాడరు" అని అడగండి. అలా అడిగితే కాదనేవారు అరుదు.

డైరెక్టర్‌గా మీ తరువాత ఒక్కరు చాలు, వారు మీరున్న సమయ మండలంలో కాకుండా వేరే చోట ఉంటే ఇంకా మంచిది. మీరు నిద్రలో ఉన్నప్పుడు ఒకరు మెలకువగా ఉంటారు. ఖనిజం కొనేవారికి కాంట్రాక్ట్ మేనేజర్ పాత్రతో పాటు ఆ ఒక్క వాలెట్ విభాగాన్నీ, కొత్తవారిని చేర్చేవారికి పర్సొనెల్ మేనేజర్ పాత్రనూ ఇవ్వండి. హ్యాంగర్‌లో సరుకు చూడటానికి ఒక అనుమతి, తీసుకోవడానికి మరొక అనుమతి వేర్వేరుగా ఉంటాయన్న సంగతి చాలామంది గమనించరు. చూసే అనుమతి అందరికీ ఇచ్చినా నష్టం లేదు.

రెండు చిన్న విషయాలు. కార్పొరేషన్‌లో సభ్యులు ఒకరినొకరు కాల్చుకునే వీలును ఇప్పుడే నిషేధించండి, ఆ మార్పు అమలు కావడానికి ఒక రోజు పడుతుంది. అది తెరిచి ఉంటే కొత్తగా చేరిన ఎవడో మీ ఓర్కాను (తవ్వకానికి సాయపడే పెద్ద ఓడను) హైసెక్ నడిబొడ్డున పేల్చినా కాంకర్డ్ పోలీసులు కదలరు. అలాగే కార్పొరేషన్ షేర్లు ఎవరి పేర ఉన్నాయో చూసుకోండి, షేర్లు ఉన్నవారికి సీఈఓను మార్చే ఓటు పెట్టే వీలుంటుంది.

లోసెక్_బాటసారి ఇచ్చిన సమాధానం:

పాతకాపు గారి మాటతో ఒక చోట విభేదిస్తాను. తాళాలన్నీ ఇద్దరి చేతిలో పెట్టిన చిన్న కార్పొరేషన్లు దొంగతనం వల్ల కాదు, విసుగు వల్ల చచ్చిపోతాయి. ఒక కొత్త సభ్యుడు ప్రొక్యూరర్ అనే తవ్వకపు ఓడను పోగొట్టుకుని, మరొకటి తీసుకోవడానికి సీఈఓ లాగిన్ అయ్యేదాకా రెండు రోజులు ఆగవలసి వస్తే, మూడవ రోజు అతను వేరే ఆట ఆడుకుంటాడు. ఒక హ్యాంగర్‌ను అందరికీ బార్లా తెరిచి, పోయినా బాధపడని వెంచర్లూ, చవక ప్రొక్యూరర్లూ అందులో నింపి ఉంచండి. ఎవరైనా ఆ హ్యాంగర్ మొత్తం ఊడ్చుకుపోతే అతని గుణం చవకగా తెలిసిందనుకోండి.

ఇక అథనార్. దాని ఖరీదు కన్నా, దాన్ని నిలబెట్టిన క్షణం నుంచి మీ కార్పొరేషన్ స్థితి మారిపోవడం పెద్ద విషయం. ఇప్పుడు మీకు అంతరిక్షంలో స్ట్రక్చర్ ఏదీ లేదు కనుక మీ మీద ఎవరూ యుద్ధం ప్రకటించలేరు. 2018 చివర్లో ఆ నియమం వచ్చినప్పటి నుంచి చిన్న కార్పొరేషన్లకు అంతకు మించిన రక్షణ లేదు. అథనార్ పెట్టాక, తనకూ ఒక స్ట్రక్చర్ ఉండి, వారానికి 10 కోట్ల ఇస్క్ రుసుము కట్టగలిగిన ఏ ముఠా అయినా యుద్ధం ప్రకటించవచ్చు, ప్రకటించిన 24 గంటలకు మీ సభ్యులను హైసెక్‌లో ఎక్కడ కనిపిస్తే అక్కడ కాల్చవచ్చు. పైగా స్ట్రక్చర్ పని చేయాలంటే క్వాంటమ్ కోర్ అనే ఖరీదైన భాగం అమర్చాలి. స్ట్రక్చర్ పేలితే ఆ కోర్ చెక్కుచెదరకుండా బయటపడుతుంది, కొల్లగొట్టేవారికి అదే ఆశ.

ఇంధనం మరో తలనొప్పి. ఇంధన దిమ్మెలు అయిపోతే స్ట్రక్చర్ తక్కువ శక్తి స్థితికి పడిపోతుంది. వరుసగా ఏడు రోజులు అలాగే వదిలేస్తే దిక్కులేనిదిగా మారుతుంది, అప్పుడు దాన్ని ఒక్క దాడిలోనే పడగొట్టవచ్చు, లోపల దాచుకున్న సరుకులో కొంత దారినపోయేవారి పాలవుతుంది. సంక్రాంతికి ఊరెళ్లి, నెట్ సరిగా అందక, ఒక వారం లాగిన్ కాకపోతే చాలు. పెద్దలకే ఈ గతి పట్టింది: 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ సిస్టమ్‌లో ఆటలోకెల్లా పెద్దవైన టైటాన్ ఓడలు 75 కాలిపోయిన మహాయుద్ధం మొదలైంది, ఆ సిస్టమ్ ఆధిపత్యానికి కట్టవలసిన బిల్లు సమయానికి కట్టబడకపోవడం వల్లనే.

గనికూలీ:

ముగ్గురికీ ధన్యవాదాలు. పన్ను 5కు దించాను, పాత్రల గురించి సందేశం ఈ వారాంతంలో పంపుతాను. తెరిచిన హ్యాంగర్ ఆలోచన కూడా నచ్చింది. కానీ అథనార్ విషయంలో సభ్యుల ఉత్సాహాన్ని పూర్తిగా కాదనలేకపోతున్నాను. మామూలు గ్రహశకలాల బెల్టుల్లో ఎవరికి వారు తవ్వుకుంటున్నారే తప్ప, అందరూ కలిసి చేసే పని ఒక్కటీ లేదు. దాన్ని వేరే కార్పొరేషన్ పేర పెట్టవచ్చని విన్నాను, అది పనిచేస్తుందా?

లోసెక్_బాటసారి:

పనిచేస్తుంది, చాలామంది చేసేది అదే. ఒక ఆల్ట్‌తో (మీరే నడిపే మరో క్యారెక్టర్‌తో) విడిగా కార్పొరేషన్ స్థాపించి, అందులో మీ ఆల్టూ, మీ రెండవ డైరెక్టర్ ఆల్టూ తప్ప ఎవరినీ చేర్చకుండా, అథనార్‌ను దాని పేర నిలబెట్టండి. యుద్ధం ప్రకటిస్తే ఆ ఖాళీ కార్పొరేషన్ మీదే ప్రకటిస్తారు, మీ సభ్యులు నిశ్చింతగా తిరగవచ్చు. అందులో ఓడ నిలుపుకునే, ఖనిజం శుద్ధి చేసుకునే అనుమతిని యాక్సెస్ లిస్టు ద్వారా మీ అసలు కార్పొరేషన్‌కు ఇవ్వవచ్చు. ఎవరు ఎంత తవ్వారో స్ట్రక్చర్ యజమానికి మైనింగ్ లెడ్జర్‌లో కనిపిస్తుంది. దీని వెల ఏమిటంటే, దాడి జరిగినప్పుడు మీ వారు రక్షణకు దిగలేరు, దిగితే కాంకర్డ్ మీ వారినే కాలుస్తుంది. కనుక పోతే పోయిందని అనుకోగల డబ్బుతోనే కట్టండి. నా లెక్క ప్రకారం, ఖనిజం కొనుగోలు పథకం మీద వచ్చిన లాభంతో ఒక అథనార్‌నూ, దాని కోర్‌నూ రెండుసార్లు కొనగల స్థితి వచ్చాక ఒకటి పెట్టండి.

దక్షిణ_ధ్రువం ఇచ్చిన సమాధానం:

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను, మీ సభ్యుల్లో కొందరి కష్టం నాకు తెలుసు. ఈవ్ సర్వర్ రోజూ యూటీసీ 11 గంటలకు ఆగుతుంది. మీకు అది సాయంత్రం నాలుగున్నర, ఎవరికీ పట్టదు. మాకు శీతకాలంలో సరిగ్గా రాత్రి తొమ్మిది, అంటే పిల్లలు పడుకుని ఆట తెరిచే వేళ. భారతదేశపు రాత్రి తొమ్మిదిన్నరకు మీరు కార్యక్రమం పెడితే మాకు తెల్లవారుజామున రెండు గంటలు. మీ ప్రకటనలన్నీ ఆ వేళకే ఉంటే మెల్‌బోర్న్ వారు ఒకటి రెండు నెలల్లో మౌనంగా తప్పుకుంటారు, కారణం కూడా చెప్పరు.

అథనార్ పెట్టినా పెట్టకపోయినా, వారానికి ఒక్క ఉమ్మడి తవ్వకం భారత కాలమానం ప్రకారం శనివారం ఉదయం ఎనిమిది గంటలకు పెట్టి చూడండి. డాలస్‌లో అది వేసవి సమయం ప్రకారం శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర, మాకు శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర. మూడు చోట్లా మనుషులు మెలకువగా, ఇంట్లో ఉండే గంట నాకు తెలిసినంతలో అదొక్కటే. చంద్రుడి తవ్వకం విరామాన్ని 6 రోజుల నుంచి 56 రోజుల మధ్య మీరే నిర్ణయించుకోవచ్చు కనుక, అథనార్ వచ్చిన తరువాత ఖనిజపు ముక్క పైకి వచ్చే గడియను కూడా ఈ శనివారానికే కుదుర్చుకోవచ్చు. ఓర్కా నడిపేవారు ఒకరు బూస్టులు (తవ్వకాన్ని మెరుగుపరిచే సాయం) ఇస్తూ, సరుకు కుదిస్తూ ఉంటే మిగిలినవారు కబుర్లు చెప్పుకుంటూ తవ్వుతారు. ఓర్కాను మాత్రం కదలకుండా ఒకే చోట వదిలేసి టిఫిను తినడానికి లేవవద్దని చెప్పండి, కేటలిస్ట్ అనే చిన్న యుద్ధ ఓడలతో తిరిగే ఆత్మాహుతి దళాలకు శనివారాలు సెలవు కాదు.

గనికూలీ:

శనివారం ఎనిమిది గంటలకు ఈ వారమే మొదలుపెడుతున్నాము, ముందు మామూలు బెల్టులోనే. డాలస్‌లో ఉన్న అన్నయ్యకు ఫోను చేశాను. తన డైరెక్టర్ పాత్ర తీసేస్తే ఖనిజం కొనుగోలు లెక్కలు తనకే ఇవ్వాలని షరతు పెట్టారు, సరేనన్నాను.